పసిబిడ్డ ఏడుపు, తల్లి వినికిడి: మార్గరెట్ మీడ్ జీవితం

మాటలు రాని పసిబిడ్డ ఏడ్చినప్పుడు ఆ ఏడుపునకు అర్థం చెప్పేది తల్లి. ఆకలి అని ఒక తల్లి, నిద్ర అని ఒక తల్లి, మొండితనమని వేరొక తల్లి, దిష్టి తగిలినదని ఇంకొక తల్లి చెప్పుట మనం ఇంటింటా వినుచున్నదే. బిడ్డ మనసు తల్లికి సహజంగానే తెలియునని, అది ఎవరును నేర్పని విద్య అని లోకంలో ఒక నమ్మకం కలదు. ఆ నమ్మకంలో సత్యం లేకపోలేదు. కాని ఒకే విధమైన ఏడుపు ఒక దేశపు తల్లికి ఒక విధంగాను, మరియొక దేశపు తల్లికి వేరొక విధంగాను ఎందుకు వినిపించుచున్నది? తల్లి చెవి వెనుక ఆమె జాతి ఆచారం, ఆమె పెరిగిన ఇల్లు, ఆమెకు పెద్దలు చెప్పిన మాటలు నిలిచి ఉన్నవా? ఈ ప్రశ్నను గ్రంథాలయంలో కూర్చుండి కాక, సముద్రాలు దాటి వెళ్ళి, పూరిళ్ళ వాకిళ్ళలో తల్లుల ప్రక్కన కూర్చుండి, గడియారం చూచి నిమిష నిమిషానికి వ్రాసికొనుచు పరిశీలించిన విదుషీమణి మార్గరెట్ మీడ్. సమోవా దీవి యువతులను గూర్చి ఆమె వ్రాసిన గ్రంథం లోకప్రసిద్ధం. ఆ గ్రంథమును గూర్చి ఎందరో వ్రాసినారు. మేము ఇక్కడ చెప్పదలచినది తల్లులను, పసిబిడ్డలను పరిశీలించిన మీడ్‌ను గూర్చి, తానును ఆలస్యంగా తల్లి అయిన మీడ్‌ను గూర్చి.

మార్గరెట్ 1901 డిసెంబరు 16న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించినది. తండ్రి ఎడ్వర్డ్ షెర్‌వుడ్ మీడ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన వార్టన్ విద్యాలయంలో అర్థశాస్త్రాచార్యుడు. తల్లి ఎమిలీ ఫాగ్ మీడ్ సమాజశాస్త్రం చదివిన స్త్రీ. న్యూజెర్సీ రాష్ట్రంలోని హామన్‌టన్ అనే ఊరిలో స్థిరపడిన ఇటలీ వలస కుటుంబాలను గూర్చి పరిశోధన చేసినది. బిడ్డ కడుపున ఉన్నదని తెలిసిననాటినుండి ఆ తల్లి నోటు పుస్తకాలు పెట్టుకొని, పుట్టిన తరువాత బిడ్డ చేష్టలను, ఎదుగుదలను అందులో వ్రాయసాగినది. మార్గరెట్‌ను గూర్చి పదమూడు పుస్తకాలు నిండినవి. తరువాత పుట్టిన కుమారుడు రిచర్డు వంతు వచ్చునప్పటికి నాలుగు పుస్తకాలతో ఆగిపోయినది. ఇద్దరు పిల్లల తల్లికి తీరిక ఎంత ఉండునో తెలిసిన వారికి ఇందులో ఆశ్చర్యం లేదు. లోకంలోని తల్లీబిడ్డలను పరిశీలించి వ్రాయబోయే మనిషి, తానే మొదట ఒక తల్లి నోటు పుస్తకంలో పాత్ర అయినదన్నమాట.

ఆ ఇంటిలో మరియొక ఉపాధ్యాయిని కలదు. ఆమె తండ్రి తల్లి మార్తా రామ్సే మీడ్. పూర్వం బడిలో చదువు చెప్పిన ఆ నాయనమ్మ మనుమరాలికి ఇంటివద్దనే పాఠాలు నేర్పినది. ఆ పాఠాలలో ఒకటి విచిత్రమైనది. చెల్లెళ్ళు ఎలిజబెత్, ప్రిసిల్లా ఏమి మాట్లాడుచున్నారో, ఎట్లు ప్రవర్తించుచున్నారో కనిపెట్టి వ్రాయుమని ఆమె మార్గరెట్‌ను నియోగించినది. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే ఇంటిలో పెరుగుచున్న ఇద్దరు పిల్లల స్వభావాలు ఎంత వేరుగా ఉన్నవో ఆ వయసులోనే ఆమె గమనించినది. ఈ ఇద్దరికంటె ముందు పుట్టిన కేథరీన్ అనే చెల్లెలు తొమ్మిది నెలల పసితనంలోనే మరణించినది. ఆ బిడ్డకు పేరు పెట్టే భాగ్యం ఇంటివారు మార్గరెట్‌కే ఇచ్చి ఉండినారు. ఆ చెల్లెలి తలపు ఆమెను జీవితాంతం విడువలేదు.

కళాశాల చదువును గూర్చి విస్తరింపనక్కరలేదు. ఒక సంవత్సరం డిపా విశ్వవిద్యాలయంలో గడిపి, న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలలో చేరి 1923లో పట్టభద్రురాలైనది. అక్కడ ఆచార్య ఫ్రాంజ్ బోయాస్, ఆయన శిష్యురాలు రూత్ బెనెడిక్ట్ ఆమెను మానవశాస్త్రం వైపు త్రిప్పినారు. మనుష్యుల నడవడిలో రక్తంవలన వచ్చినది ఎంత, సంస్కృతివలన నేర్చినది ఎంత అన్నది ఆనాటి పెద్ద వివాదం. నేర్చినదాని పాలు సామాన్యంగా అనుకొనుదానికంటె చాలా ఎక్కువ అన్నది బోయాస్ పక్షం.

ఆనాటి అమెరికా తల్లుల స్థితి ఎట్టిదో ఇక్కడ చెప్పక తప్పదు. లూథర్ ఎమ్మెట్ హోల్ట్ అనే వైద్యుడు 1894లో ప్రకటించిన శిశుపోషణ గ్రంథం ఇంటింటా ప్రమాణంగా చెల్లుచుండినది. గడియారం చూచి పాలు ఇవ్వవలెను. నడుమ బిడ్డ ఏడ్చినచో కొంత ఏడుపు ఊపిరితిత్తులకు వ్యాయామమే. ఎత్తుకొని అలవాటు చేయరాదు అన్నది దాని ధోరణి. 1928లో మనస్తత్వశాస్త్రజ్ఞుడు జాన్ వాట్సన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, పిల్లలను ముద్దులాడుట, ఒడిలో కూర్చుండబెట్టుట తగదని బోధించినాడు. కావున చదువుకొన్న అమెరికా తల్లి బిడ్డ ఏడుపును తన చెవితో వినక వైద్యుని పుస్తకంతో వినుచుండినది. రెండు గంటలకు ఏడ్చినచో పెంకితనం, నాలుగు గంటలకు ఏడ్చినచో ఆకలి! తాము శాస్త్రాన్ని అనుసరించుచున్నామని వారు నమ్మినారు. అదియును ఒక దేశాచారమే అని వారికి తోచలేదు. మార్గరెట్ మీడ్ చేసిన ముఖ్యమైన పని ఆ తోపింపజేయుటయే అని మా అభిప్రాయం.

1925లో ఇరువది మూడేండ్ల వయసులో ఆమె ఒంటరిగా సమోవా దీవులకు బయలుదేరి, టవు అనే చిన్న దీవిలో నివసించినది. అక్కడ పసిబిడ్డలను ఎత్తుకొని తిరుగువారు తల్లులు కారు, ఆరేడేండ్ల బాలికలు. బిడ్డ ఏడ్చినచో పెద్దల మందలింపు ఆ చిన్నపిల్లకే. అందుచేత బిడ్డ ముఖం చూచి, ఏడుపు రాబోవుచున్నదని ముందే కనిపెట్టి, చంక మార్చి లాలించుట ఆ బాలికలకు ఆటతో పాటు అబ్బిన విద్య. బిడ్డ మనసు చదువువారు తల్లియే కానక్కరలేదన్న సంగతి ఆమెకు మొదట తట్టినది ఇక్కడనే.

తిరిగి వచ్చిన తరువాత 1926లో వైద్యులు ఆమెకు గర్భాశయ లోపం వలన బిడ్డలు కలుగరని చెప్పినారు. ఆరుగురు పిల్లలు కావలెనని చిన్ననాడు కోరుకొన్న స్త్రీకి ఇది ఎట్టి వార్తయో చెప్పనవసరం లేదు.

1928లో ఆమె భర్త రియో ఫార్చూన్‌తో కలిసి న్యూగినీకి ఉత్తరాన ఉన్న మానస్ దీవులకు వెళ్ళినది. పెరే అనే గ్రామంలో ఇండ్లన్నియు ఉప్పుకయ్యలో నాటిన గుంజలమీద నిలిచి ఉండును. ఇంటినుండి ఇంటికి పోవలెనన్నను పడవ కావలెను. నెలల బిడ్డ తల్లి మెడను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని ఉండుట నేర్చుకొనును. లేనిచో నీటిలో పడును. ఆ బిడ్డ కాలు జారి నీటిలో పడినచో పెద్దలు జాలిపడరు, ఎత్తుకొని ఊరడింపరు. అజాగ్రత్త అని గదుముదురు. మరియొక దేశంలో భయంగా భావింపబడి కౌగిలింతకు నోచుకొను ఏడుపు ఇక్కడ చేతగానితనంగా లెక్కింపబడినది. కొంచెం పెద్దయిన బిడ్డను తండ్రి తన వెంట త్రిప్పుకొనును, రాత్రి తన ప్రక్కన పడుకోబెట్టుకొనును. బిడ్డను ముద్దు చేయువాడు తండ్రి. తల్లిది రెండవ స్థానం.

తరువాత 1931 నుండి 1933 వరకు న్యూగినీ ప్రధాన భూభాగంలో ఆ దంపతులు మూడు తెగలను పరిశీలించినారు. వీనిలో రెండింటిని గూర్చి కొంత వివరంగా చెప్పవలెను. ఏలనన మీడ్ జీవితాన్నే మార్చివేసిన సంగతి ఇందులో కలదు.

కొండలలో నివసించే అరపేష్ జనులు పసిబిడ్డను అల్లిన వలసంచిలో పెట్టి వీపున వ్రేలాడదీసికొందురు. బిడ్డ లోపల ముడుచుకొని తల్లి శరీరపు వెచ్చదనంలోనే ఉండును. ఏడుపు అక్కడ ఒక విపత్తు. బిడ్డ ఏడ్చిన మరుక్షణం రొమ్ము అందించుట తల్లి ధర్మం. వేరొకరి వద్ద ఉన్న బిడ్డ ఏడ్చినచో వెంటనే తల్లి వద్దకు చేర్పవలెను. పాలు ఇచ్చునప్పుడు తల్లి బిడ్డతో ఆడును, చెవిలో ఏదో గొణుగును, తొందరపడదు. తండ్రియును ఆ పెంపకంలో పాలు పంచుకొనును.

యూత్ నదీతీరపు ముండుగుమోర్ జనుల పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. బిడ్డను గరుకుగా అల్లిన బుట్టలో ఉంచుదురు. ఆ బుట్టలోనికి తల్లి మేని వెచ్చదనం చేరదు. బిడ్డ ఏడ్చినచో తల్లి చూడకుండగనే ఆ బుట్టను పైనుండి గోళ్ళతో బరబర గీకును. ఆ చప్పుడునకు ఏడుపు మానుట బిడ్డకు అలవాటగును. అప్పటికిని మానకున్నచో పాలు ఇచ్చును, అదియు నిలుచుండియే. బిడ్డ ఒక్క క్షణం త్రాగుట ఆపినచో చాలు, తిరిగి బుట్టలో పెట్టివేయును. ఆకలి అన్నది పోరాడి తీర్చుకొనవలసినదని బిడ్డ మొదటినుండియు గ్రహించును.

ముండుగుమోర్ వారిని మీడ్ సహింపలేకపోయినది. బిడ్డలను ఇట్లు అక్కరలేనివారివలె చూచు జనులను చూచిన పిమ్మటనే, ఎన్ని గర్భస్రావాలు జరిగినను సరే, తాను ఒక బిడ్డను కని తీరవలెనని ఆమె నిశ్చయించుకొన్నది. వైద్యుల మాటవలన మూసికొన్న తలుపును ఒక పరాయి నదీతీరంలో చూచిన దృశ్యం తెరిచినది. అయితే ఇంత తీవ్రమైన అయిష్టంతో, కొద్ది నెలల కాలంలో చేసిన పరిశీలన ఎంతవరకు నిష్పక్షపాతం అన్న సందేహం మాకు కలుగకపోలేదు. ఆ తల్లి గోటి గీత వెనుక ఉన్న మనసును చదువుటలో మీడ్ కూడ తన దేశపు కంటితోనే చూచియుండవచ్చును.

సెపిక్ నదీ ప్రాంతంలో ఆమెకు ఇంగ్లండు దేశీయుడైన గ్రెగరీ బేట్సన్ పరిచయమైనాడు. ఫార్చూన్‌తో వివాహం విచ్ఛిన్నమైన తరువాత 1936లో సింగపూరులో వారిద్దరు వివాహం చేసికొని నేరుగా బాలి ద్వీపానికి వెళ్ళినారు. బాజూంగ్ గెడె అనే కొండ గ్రామంలో కాపురం పెట్టినారు. ఆమె కాలం వేసి వ్రాయును, ఆయన ఛాయాచిత్రాలు తీయును, మాడె కాలెర్ అనే బాలి యువకుడు జరిగినదంతయు వారి భాషలో లిఖించును. తల్లీబిడ్డల నడుమ జరుగునవి కన్ను మూసి తెరచునంతలో జరిగిపోవును. మాటలతో పట్టుకొనుటకు వీలుపడదు. రెండువేల చిత్రాలు తీయవలెనని బయలుదేరిన ఆ దంపతులు తుదకు ఇరువది అయిదు వేలు తీసినారు. చలనచిత్రపు ఫిలిము ఇరువది రెండువేల అడుగులు. వానినుండి ఏరిన 759 చిత్రాలతో 1942లో బాలి స్వభావాన్ని గూర్చిన గ్రంథం వెలువడినది. ఛాయాచిత్రాన్ని అలంకారంగా కాక సాక్ష్యంగా వాడిన తొలి మానవశాస్త్ర గ్రంథాలలో అది ముఖ్యమైనది.

ఆ చిత్రాలలో ఏమున్నది? బాలి తల్లి బిడ్డను వస్త్రంతో నడుమునకు కట్టుకొని తిరుగును. బిడ్డ ఆమె శరీరానికి మెత్తగా అంటుకొని ఉండును. పశువువలె ప్రాకరాదని బిడ్డను నేలమీద ప్రాకనీయరు. మాటలు రాని బిడ్డ తరఫున పెద్దలే మర్యాద మాటలు పలుకుదురు, బిడ్డయే పలికినట్లు. ఈ వాడుక మన ఇండ్లలోను లేకపోలేదు. చుట్టం ఇంటికి వచ్చినప్పుడు తల్లి చంటిబిడ్డ చేయి పట్టి, తానే బిడ్డ అయినట్లు గొంతు సన్నగిలజేసి కుశలమడుగుట ఎవరెరుగనిది? బిడ్డ దూరంగా పోవుచున్నచో బాలి తల్లి ఏదో భయంకరమైనది ఉన్నదన్నట్లు ఉలిక్కిపడి కేకవేయును. బిడ్డ ఆమె ఒంటిలోని భయాన్ని పసిగట్టి పరుగున తిరిగి వచ్చును. భయం నటన అయినను బిడ్డ నేర్చుకొన్నది నిజమే.

అన్నింటికంటె మీడ్‌ను ఆకర్షించినది వారి ఆటపట్టింపు. తల్లి బిడ్డను కవ్వించును, ముద్దాడును, ఆశ పెట్టును. బిడ్డ ఆనందంతోనో కోపంతోనో పరాకాష్ఠకు వచ్చి చేతులు చాచునంతలో ముఖం త్రిప్పుకొని ఎటో చూచును. ఇరుగుపొరుగు వారి బిడ్డను ఎరవు తెచ్చి రొమ్మునకు చేర్చుకొని తన బిడ్డకు అసూయ పుట్టించును. బిడ్డ రోషంతో మీద పడగా నవ్వును. చూచువారును నవ్వుదురు. మూడు నాలుగు ఏండ్ల వయసునకు ఆ బిడ్డ ఇక ఈ కవ్వింపునకు లొంగుట మానివేయును, తనలోనికి తాను ముడుచుకొనును అని మీడ్, బేట్సన్‌లు వ్రాసినారు. కర్బా అనే బాలుని ఏడవ నెల నుండి కొన్ని సంవత్సరాలపాటు వారు చిత్రించినది తరువాత ఒక చలనచిత్రంగా వెలువడినది. అందులో నవ్వుచు అందరివంక చూచిన పసివాడు క్రమంగా గంభీరుడగుట కనిపించును. అమెరికా తల్లి దృష్టిలో ఇది క్రూరత్వం. బాలి తల్లి దృష్టిలో బిడ్డ కోపం కోపం కాదు, అది ఒక ముచ్చట, ఒక చిన్న నాటకం. పెద్దవాడైన తరువాత ఉద్రేకాన్ని అదుపులో ఉంచుకొనవలసిన సమాజంలో అది తొలి పాఠం.

బాలినుండి తిరిగి వచ్చిన మీడ్ 1939లో గర్భవతి అయినది. అంతకుముందు గర్భాలు నిలువలేదు. ఈసారి ఎంతయో జాగ్రత్తగా మోసినది. 1939 డిసెంబరు 8న న్యూయార్కులోని ఒక ఆసుపత్రిలో కుమార్తె పుట్టినది. మేరీ కేథరీన్ అని పేరు పెట్టినారు. తొమ్మిది నెలలకే పోయిన చెల్లెలి పేరు ఆ ఇంటిలోనికి మరల వచ్చినది. యుద్ధం ఆరంభమైనందున బేట్సన్ అప్పుడు ఇంగ్లండులో ఉన్నాడు. ముప్పది ఎనిమిదవ ఏట తొలిచూలు, భర్త సముద్రానికి ఆవల, అయినను ఆమె ఆసుపత్రి ఆచారాలకు తలవంచలేదు. మత్తుమందుతో స్పృహ తప్పించరాదని, కాన్పును చలనచిత్రంగా తీయవలెనని, గడియారం ప్రకారం కాక బిడ్డ అడిగినప్పుడు పాలు ఇచ్చెదనని కోరినది. ఆ దినాలలో ఇవి వింత కోరికలు. ఆమె మాటను మన్నించిన యువ శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్. ఆయన 1946లో ప్రకటించిన శిశుపోషణ గ్రంథం కోట్ల కొలది ప్రతులు అమ్ముడుపోయి, తల్లులు తమ మనసును నమ్మవలెనని బోధించి, హోల్ట్, వాట్సన్‌ల శాసనాలను త్రోసివేసినది.

ఇక్కడ ఒక సూక్ష్మం కలదు. మీడ్ గడియారాన్ని పారవేయలేదు. బిడ్డ ఎప్పుడెప్పుడు పాలు అడిగినదో వ్రాసికొని, ఆ వేళలనుబట్టియే దినచర్యను ఏర్పరచుకొన్నది. తల్లి పదమూడు పుస్తకాలలో వ్రాసిన అలవాటు ఆమెలోను ఉన్నది. అరపేష్ తల్లి ఏమియు వ్రాయకుండగనే చేసిన పనిని ఆమె కాగితం, కలం చేతబట్టి చేసినది. అమెరికా విద్యావతికి అంతకంటె వేరు మార్గం లేదు కాబోలు! ఆ బిడ్డ పెంపకం కూడ ఒక్క తల్లి చేతిలో సాగలేదు. లారెన్స్ ఫ్రాంక్ అనే మిత్రుని కుటుంబంతో ఒకే ఇంటిలో కాపురం ఉండి, పలువురు పెద్దల నడుమ, పలువురు పిల్లల నడుమ ఆమె కుమార్తెను పెంచినది. యుద్ధకాలంలో మీడ్ వాషింగ్టనులో ఆహారపుటలవాట్ల సంఘంలో పనిచేయుటకు ఈ ఏర్పాటే తోడ్పడినది. బేట్సన్‌తో ఆమె వివాహం 1950లో ముగిసినది.

యుద్ధానంతరం మీడ్, బేట్సన్‌లు తీసిన ఫిలిముల నుండి కొన్ని చలనచిత్రాలు సిద్ధమైనవి. వానిలో ఒకటి మూడు సంస్కృతులలో పసిబిడ్డకు స్నానం చేయించుటను చూపును: సెపిక్ నదిలో ఇయాత్ముల్ తల్లి, అమెరికా స్నానపుగదిలో తల్లి, బాలిలో తల్లి. చేయు పని ఒక్కటే. కాని బిడ్డ ఏడ్చినప్పుడు ఒకరు పట్టించుకొనరు, ఒకరు బొమ్మ ఇచ్చి మరపింతురు, ఒకరు నవ్వుదురు. 1959లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ నిర్మించిన మరియొక చిత్రంలో భారతదేశం, ఫ్రాన్సు, జపాను, కెనడా దేశాల రైతు కుటుంబాలను, ప్రతి ఇంటిలోను ఏడాది బిడ్డను కేంద్రంగా చేసికొని, మీడ్ పోల్చి వివరించినది.

మన ఇండ్లలోని తల్లిని ఆ దృష్టితో చూచినచో ఏమి కనిపించును? సందెవేళ బిడ్డ ఊరకే ఏడ్చినచో తెలుగు ఇంటి నాయనమ్మ దిష్టి అనును, ఉర్దూ ఇంటి దాదీ నజర్ అనును. ఉప్పు, మిరపకాయలు తీసి పొయ్యిలో వేయుట ఇరువురకు తెలిసినదే. బిడ్డ ఏడుపునకు కారణం బిడ్డలో కాక చూచినవారి కంటిలో ఉన్నదని చెప్పు ఈ భాష్యంలో ఒక సౌకర్యం కలదు. బిడ్డ దోషి కాదు, తల్లియును దోషి కాదు. హోల్ట్ పుస్తకం చదివిన అమెరికా తల్లికి ఈ ఊరట లేదు. అయితే ఆ భాష్యం చాటున జ్వరమో, చెవిపోటో కనిపించకపోవు ప్రమాదమును కలదని మేము మరువరాదు. బిడ్డ మనసును మొదట చదువునది మన ఇండ్లలో తరచు తల్లి కాదు, తల్లికి తల్లియో అత్తయో. కొత్త తల్లి వారి చెవితో వినుట నేర్చుకొనును.

1947లో రూత్ బెనెడిక్ట్ ప్రారంభించిన సమకాలీన సంస్కృతుల పరిశోధనలో మీడ్ పాల్గొని, 1948లో బెనెడిక్ట్ మరణించగా ఆ భారం తాను వహించినది. తూర్పు యూరపులో పసిబిడ్డను గుడ్డతో బిగించి చుట్టు ఆచారంమీద బెనెడిక్ట్ వ్రాసిన వ్యాసం మిక్కిలి గమనింపదగినది. చుట్టు గుడ్డ ఒక్కటే. కాని బిడ్డ బలవంతుడు, విడిచినచో తన్ను తాను గాయపరచుకొనును అని రష్యా తల్లి చుట్టును. బిడ్డ సుకుమారుడు, గట్టిపడవలెను అని పోలండు తల్లి చుట్టును. యూదు తల్లి వెచ్చగా, సుఖంగా ఉండుటకై చుట్టును. చేయి ఒకటే, బిడ్డను గూర్చిన ఊహ వేరు. మా విషయానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. కాని ఈ వర్గానికే చెందిన జెఫ్రీ గోరర్ ఈ గుడ్డనుండి రష్యా జాతి స్వభావాన్నే అల్లుటకు పూనుకొనగా పండితలోకం పరిహసించినది. మీడ్ 1954లో ఆయనను సమర్థించుచు వ్యాసం వ్రాసినది. ఈ సమర్థన ఆమె కీర్తికి వన్నె తేలేదు.

అదే కాలంలో మరియొక వివాదంలో ఆమె పక్షం బలమైనది. ఇంగ్లండు వైద్యుడు జాన్ బోల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో తల్లి ప్రేమకు దూరమైన శిశువులకు కలుగు హానిని వివరించినాడు. అనాథాశ్రమాల దుస్థితిని బయటపెట్టిన ఆ నివేదిక ఉపకారం గొప్పది. కాని దానినుండి బిడ్డను తల్లి ఒక్కతెయే క్షణం విడువక పెంచవలెనన్న సిద్ధాంతం ప్రచారంలోనికి రాగా మీడ్ వ్యతిరేకించినది. ఒక్క తల్లి, ఒక్క బిడ్డ, తలుపు మూసిన ఒక ఇల్లు అన్నది కొన్ని దేశాల ఏర్పాటు మాత్రమే అనియు, ఆప్యాయత గల పలువురు చేతులలో పెరిగిన బిడ్డకు లోటు లేదనియు ఆమె వాదించినది. సమోవా అక్కలు, మానస్ తండ్రులు, తన కుమార్తె పెరిగిన ఇల్లు ఆమె కన్నులయెదుట ఉన్నవి. ఉమ్మడి కుటుంబాలలో పెరిగిన మనకు ఈ వాదం కొత్తగా తోచదు.

మీడ్ రచనలపై విమర్శలు ఆమె మరణానంతరం మరింత తీవ్రమైనవి. 1983లో డెరెక్ ఫ్రీమన్ సమోవా గ్రంథాన్ని ఖండించినాడు. ఆ ఖండనమును తరువాత పలువురు ఖండించినారు. మా విషయానికి దగ్గరైనది 1992లో గోర్డన్ జెన్సెన్, బాలి దేశపు వైద్యురాలు లూ కెతుత్ సుర్యాని కలిసి వ్రాసిన గ్రంథం. బాలి జనులు ముడుచుకొనిపోయిన మనసు కలవారన్న నిర్ణయం సరికాదని, ఒక కొండ గ్రామాన్నిబట్టి ద్వీపాన్నంతటిని తూచరాదని వారు వాదించినారు. ఆ ద్వీపపు మనిషియే లేచి తమ తల్లుల నవ్వునకు అర్థం అది కాదని చెప్పుట విశేషం. మా నిర్ణయం ఇది: తల్లి బిడ్డను చదువు విధం దేశాన్నిబట్టి మారునని మీడ్ చూపినది నిలిచినది, ఆ చదువునుబట్టి పెద్దయిన జాతి స్వభావాన్ని లెక్కకట్టవచ్చునని ఆమె అనుకొన్నది నిలువలేదు. తరువాతి వారు మొదటి దానినే కొనసాగించినారు. జర్మనీకి చెందిన హైడీ కెల్లర్ కామెరూన్ దేశపు న్సో జాతి తల్లులను, జర్మను తల్లులను పోల్చి చూచినది. జర్మను తల్లికి బిడ్డ నవ్వు ముఖ్యం. న్సో తల్లికి బిడ్డ శాంతంగా ఉండుట ముఖ్యం. జర్మను తల్లులు బిడ్డను వెల్లకిల పడుకోబెట్టి మాటలాడు చిత్రాలను చూచి న్సో స్త్రీలు ఆ బిడ్డలపై జాలిపడినారు.

మీడ్ 1926 నుండి తుదివరకు న్యూయార్కులోని అమెరికన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలోనే పనిచేసినది. 1953లో మానస్ దీవులకు మరల వెళ్ళి, తాను పసివారుగా చూచినవారు పెద్దలై కొత్త జీవితం కట్టుకొనుటను చూచినది. శాస్త్రాన్ని సామాన్యులకు అందించినందులకు 1970లో యునెస్కో వారి కళింగ బహుమతి ఆమెకు లభించినది. మన పొరుగు రాష్ట్రమైన ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ నెలకొల్పిన బహుమతి అది. 1969లో ఆమెకు మనుమరాలు కలిగినది. 1972లో వెలువడిన ఆత్మకథలో అమ్మమ్మ అగుటలోని ఆనందాన్ని గూర్చి ఆమె ఒక అధ్యాయమే వ్రాసినది. 1978 నవంబరు 15న న్యూయార్కులో మరణించినది. ఆ వార్త చేరగా పెరే గ్రామస్థులు ఆమె జ్ఞాపకార్థం ఒక కొబ్బరి మొక్క నాటినారు.

కుమార్తె మేరీ కేథరీన్ బేట్సన్ భాషాశాస్త్రజ్ఞురాలు, మానవశాస్త్రజ్ఞురాలు అయినది. తల్లీబిడ్డల చలనచిత్రాలను పరిశీలించి, రెండు మూడు నెలల బిడ్డ కూడ తల్లితో వంతులవారీగా గొంతు కలుపునని, మాటలు లేని సంభాషణ ఒకటి వారి నడుమ నడచునని 1975లో ప్రకటించినది. 1984లో తన తల్లిదండ్రులను గూర్చి ఒక గ్రంథం వ్రాసినది. పుట్టిన క్షణమే చలనచిత్రానికెక్కిన ఆ బిడ్డ, తనను పరిశీలించిన తల్లిని తాను ఎట్లు చదివినదో అందులో దాపరికం లేక చెప్పినది.